కణంలో ఎర్ర సిగ్నల్ ఎవరి చేతిలో ఉంది?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. సిగ్నల్ గురించి అక్కడి పాత ఉద్యోగులకు బాగా తెలిసిన సూత్రం ఒకటుంది: పాడైతే అది ఎరుపు వైపే మారాలి. బండి ఆగితే ఆలస్యమే, ఆగకపోతే ప్రమాదం.

మన కణాల్లోనూ విభజనను ఆపే సిగ్నళ్లు ఉన్నాయి. అవే కణితి నిరోధక జన్యువులు. వాటిలో ముఖ్యమైనది టీపీ53, అది తయారుచేసే ప్రోటీన్ పీ53. 1979లో గుర్తించినప్పుడు ఇది క్యాన్సర్‌ను పెంచుతుందనుకున్నారు. నిజానికి అడ్డుకుంటుందని 1989లో తేలింది.

ఆరోగ్యంగా ఉన్న కణం పీ53ను తయారుచేస్తూనే, వెంటవెంటనే నాశనం చేస్తుంటుంది. ఎండీఎం2 అనే ప్రోటీన్ దానికి యుబిక్విటిన్ అనే గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు ఉన్నవాటిని ప్రోటియాసోమ్ ముక్కలు చేస్తుంది. ఇది వృథా శ్రమ కాదు. ఎండీఎం2 లేని ఎలుకలు పిండదశలోనే చనిపోతాయి. పీ53 కూడా లేకుండా చేస్తే బతుకుతాయి. అంటే, ఎప్పుడూ ఎరుపే వెలుగుతుంటే జీవమే సాగదు.

డీఎన్ఏ తెగినప్పుడు ఏటీఎం అనే ఎంజైమ్ మేల్కొని పీ53కి ఫాస్ఫేట్ జోడిస్తుంది. ఎండీఎం2 పట్టు సడలుతుంది. పోగుపడిన పీ53, పీ21 జన్యువును పనిచేయించి విభజనను ఆపుతుంది. మరమ్మతుకు వీలుకాని కణాన్ని మరణం వైపు నడిపిస్తుంది. అదే పీ53 ఎండీఎం2 ఉత్పత్తినీ పెంచుతుంది. అలా ప్రమాదం తప్పాక తానే తగ్గిపోతుంది.

ఇక్కడే రైల్వేకీ కణానికీ తేడా. టీపీ53 రెండు ప్రతులూ చెడితే కణానికి ఎరుపే కనిపించదు. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ జన్యువులో ఉత్పరివర్తనాలు కనిపిస్తాయి. ఇలాంటి కాపలాదారులు ఇంకా ఉన్నారు. ఏఆర్ఐడీ1బీ జన్యువుకు క్లోమ క్యాన్సర్ కణాల్లో కణితి నిరోధక గుణం ఉందని 2013లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధకులు చూపారు.

కొన్నిసార్లు జన్యువు బాగానే ఉన్నా సిగ్నల్ పనిచేయదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్, ఈ6 అనే ప్రోటీన్‌తో పీ53కి నాశనపు గుర్తు తగిలేలా చేస్తుంది. అంటే కణం వాడే పద్ధతినే వైరస్ దానిపై ప్రయోగిస్తుంది. వైరస్ సోకకముందే, ముఖ్యంగా 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు, టీకా వేయించాలని చెప్పడం ఇందుకే. ఎర్ర సిగ్నల్‌ను అది ఆరిపోకముందే కాపాడుకోవాలి.