ప్రమాదం అంటే ఏమరుపాటే: రెండు అగ్నిపర్వత దీవుల పాఠం



మనం వందనలో పంచశీలం చదువుతం. ఐదో శీలంలో ‘పమాదట్ఠాన’ అనే పాలి మాట వస్తది. పమాదం అంటే ఏమరుపాటు. మత్తు ఏమరుపాటుకు తావిస్తది కాబట్టే దాన్ని విడిచిపెట్టుమన్నరు. అదే మాట తెలుగులో ‘ప్రమాదం’. బస్సు బోల్తా పడినా, కరెంటు షాకు కొట్టినా ప్రమాదం అంటం. అంటే ఏమరుపాటు పేరునే దాని ఫలితానికి కూడా పెట్టుకున్నం. ఈ సంగతి అర్థం కావాలంటే రెండు దీవులను చూడాలె.

మొదటిది న్యూజిలాండ్ తీరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని వైట్ ఐలాండ్. అది మండుతున్న అగ్నిపర్వతం. పొద్దున పడవెక్కి పోయి, పొగలు చిమ్మే గుంటల నడుమ నడిచి, అదేరోజు వాపసు వచ్చే యాత్రలు ఏండ్ల తరబడి నడిచినయి. యాత్రికులకు హెల్మెట్, మాస్కు ఇచ్చేవారు. 2019 నవంబరు 18న శాస్త్రవేత్తలు హెచ్చరిక స్థాయిని 1 నుంచి 2కు పెంచిన్రు. అయినా యాత్రలు ఆగలేదు. డిసెంబరు 9న మధ్యాహ్నం 2 దాటినంక అగ్నిపర్వతం పేలింది. అప్పుడు దీవి మీద 47 మంది ఉన్నరు. వారిలో 22 మంది చనిపోయిన్రు. హెచ్చరిక సంగతి తమకెవరూ చెప్పలేదని బతికినవాళ్లు కోర్టులో చెప్పిన్రు.

రెండోది మన దేశంలోనే, అండమాన్‌లో ఉన్నది. తెలుగువాళ్లు ఎందరో స్థిరపడ్డ పోర్టు బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు పోతే బారెన్ దీవి. అక్కడ జనం ఉండరు. 1787లో పేలినట్టు రాతలున్నయి. తర్వాత కొన్నాళ్లకు చల్లబడి, నూటయాభై ఏండ్లకు పైగా నిద్రపోయినట్టుండి, 1991లో మళ్లీ రాజుకున్నది. చూడబోయినవాళ్లు పడవలనుంచే చూసి మళ్లాలె. ఒడ్డున దిగనియ్యరు.

రెండింటికీ మూలకారణం ఒకటే. భూమి పైపొర పలకలు పలకలుగా ఉంటది. ఒక పలక ఇంకోదాని కిందికి జారినచోట లోపల రాయి కరిగి పైకి తన్నుకొస్తది. ఇందులో ఏ దేవత కోపమూ లేదు. కారణం ఉంటేనే కార్యం పుడుతది. ఇదే పటిచ్చసముప్పాదం. అందుకే భయపడి మొక్కులు మొక్కే పనిలేదు.

అయితే కారణం తెలిసినంత మాత్రాన గండం తప్పదు. వైట్ ఐలాండ్ దగ్గర శాస్త్రం ఉన్నది, యంత్రాలున్నయి, హెచ్చరిక కూడా ఉన్నది. లేనిది అప్పమాదం, అంటే ఎరుక. ‘నిన్న ఏం కాలేదు, ఇయ్యాల కూడా ఏం కాదు’ అనుకునుడే పమాదం.

మన లక్సెట్టిపేట దగ్గర అగ్నిపర్వతం లేదు గానీ గోదావరి ఉన్నది, వాగులున్నయి. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చింది. దిగువ ఊర్లను ఖాళీ చేయించిన్రు. అట్లాంటి రోజున ‘ఈ వాగు ఎన్నిసార్లు దాటలేదు’ అని దిగుడూ, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి దిగుడూ రెండూ ఒకటే. మొదటిది ఏమరుపాటు, రెండోది మూఢనమ్మకం. నీళ్లకు రెండూ తెలియవు.

ధమ్మపదంలో రెండో వగ్గం మొత్తం అప్పమాదం గురించే. తథాగతుడు చివరిసారి చెప్పింది కూడా ఎరుకతో సాధన చేయమనే.

ఈ వారం ఇంట్లో పిల్లలతో మాట్లాడండి: ఏ హెచ్చరికను మనం అలవాటుపడి వినుడు మానేసినం? గ్యాస్ పైపా, తెగిన కరెంటు వైరా, పొంగే వాగా? ఆ ఒక్కటి ఇయ్యాలనే సరిచేసుకుందాం.

నమో బుద్ధాయ!