చల్లని నీళ్లన్నీ మంచి నీళ్లేనా?

దప్పిగొన్నవారికి నీళ్లు తాగించడం గొప్ప సదఖా. మన శేరిలింగంపల్లిలో ఐటీ భవనాల పక్కనే కూలీల గుడిసెలున్నాయి. బోరు, ట్యాంకరు, క్యాను, ఏది దొరికితే అదే వారి తాగునీరు. దాతల దయతో కొన్నిచోట్ల వాటర్ కూలర్లు వచ్చాయి. ఒకరోజు తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: "సార్, కూలర్ చల్లదనానికి క్రిములు చచ్చిపోవా?" ఆ ప్రశ్నకు జవాబుగా మేము ఈ పాఠం రాస్తున్నాం.

కడుపులో కాపురముండే క్రిమి

దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని కనుగొన్నారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. కడుపులో పుండ్లకు ఇది ముఖ్య కారణం. కొందరిలో క్యాన్సర్‌కూ దారితీస్తుంది. సోకినవారందరికీ జబ్బు రాదు.

కడుపులోని యూరియా నుంచి అమ్మోనియా తయారుచేసుకుని ఇది ఆమ్లాన్ని తట్టుకుంటుంది. నిమ్మరసంలో ఆ యూరియా దొరకదు కనుక అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. అలాగని నిమ్మకాయ పిండితే చెడ్డ నీళ్లు మంచివైపోవు.

నీళ్లలో, పాలలో

నీళ్లలో ఇది పెరగదు, కానీ బతికి ఉంటుంది. చల్లని నీళ్లలో, పాలలో కొన్ని రోజులు బతకగలదని ప్రయోగాల్లో తేలింది. వెచ్చని నీటిలోకన్నా చల్లని నీటిలోనే దాని ఆయుష్షు ఎక్కువ! అంటే చల్లదనం క్రిమిని చంపదు, దాచిపెడుతుంది. షర్బత్‌లో వేసే ఐసుకూ ఇదే వర్తిస్తుంది.

మన హైదరాబాద్‌లోనే డెక్కన్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం దీన్ని పరిశీలించింది. కుళాయి నీళ్లు తాగేవారికంటే బావి నీళ్లు తాగేవారిలో ఈ క్రిమి ఎక్కువగా కనిపించిందని 2007లో సింగపూర్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. నీరొక్కటే కారణమని కాదు. ఇంట్లో ఒకరి నోటి నుంచి, చేతుల నుంచి మరొకరికీ సోకుతుంది.

మనం చేయదగినవి

ఈ క్రిమి క్లోరిన్‌కు తేలికగా చస్తుంది. మరిగిస్తే మిగలదు. కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం. అయితే ఫిల్టరులోని బొగ్గు ఆ క్లోరిన్‌ను తీసేస్తుంది. ఆ తర్వాత కూలర్ ట్యాంకులో నిలిచిన నీటికి రక్షణ లేదు. నిరుడు వేసవిలో మేము ఒక కూలర్ మూత తీసి చూశాం. అడుగున వేలికి అంటుకునే జిగట. ఆ నీళ్లే పిల్లలు తాగుతున్నారు.

అందుకే దాతలకు మా మనవి: తల్లిదండ్రుల పేరిట కూలర్ ఇచ్చేటప్పుడు, దాన్ని క్రమం తప్పకుండా కడిగించే ఖర్చు, క్లోరిన్ పరీక్ష ఖర్చు కూడా ఆ సదఖాలోనే కలపండి.