బావిలో కప్ప: పిల్లలకు చెప్పే తీరు

సంకుచిత బుద్ధి గలవారిని మనం 'బావిలో కప్ప' అంటాం. ఉర్దూలో 'కువేఁ కా మేండక్' అంటారు. చైనాలోనూ ఇదే నానుడి ఉంది. అక్కడి మూలకథ రెండు వేల ఏళ్లకు పైబడిన 'జ్వాంగ్‌జీ' గ్రంథంలోనిది.

పాడుబడ్డ బావిలోని కప్ప తన సుఖాన్ని పొగుడుకుంటూ తూర్పు సముద్రపు తాబేలును లోపలికి పిలిచింది. ఎడమకాలు పెట్టకముందే తాబేలు కుడిమోకాలు ఇరుక్కుంది. అది వెనక్కి తగ్గి సముద్రం సంగతి చెప్పింది: పదేళ్లలో తొమ్మిదిసార్లు వరదలొచ్చినా నీరు పెరగలేదు, ఎనిమిదేళ్లలో ఏడుసార్లు కరువొచ్చినా తగ్గలేదు. కప్ప నివ్వెరపోయింది.

మన పిల్లలకు సముద్రం దూరం. జగిత్యాల, కోరుట్లలో ధర్మపురి గోదావరితో, సిరిసిల్లలో మిడ్ మానేరుతో మొదలుపెట్టాలి. కాగితం గొట్టంలోంచి ఒకసారి, గొట్టం తీసేసి ఒకసారి ఆకాశం చూడమనాలి. ఆపై రెండు ప్రశ్నలు వేయాలి.

1. కప్ప అబద్ధం చెప్పిందా? లేదు. చూసిందే చెప్పింది. లోకమంతా అంతే అనుకోవడమే దాని లోపం.

2. తాబేలు తిట్టిందా? లేదు. తాను చూసింది వివరించింది.

కాబట్టి ఊరు దాటని పిల్లలను 'బావిలో కప్ప' అని వెక్కిరించరాదు. మరమగ్గాల వాడలో పెరిగిన బిడ్డకు టీచరుకు తెలియని నూలు సంగతులు తెలుసు. పెద్ద చదువులు చదివి కూడా పక్కింటివారి భాష, పండుగ తెలుసుకోనివారికే ఆ మాట తగును.

దాతలకు ఒక విన్నపం. ఫీజులతోపాటు కథల పుస్తకాలకు, ఏడాదికొక విహారయాత్రకు కూడా సాయం చేయండి. తాబేలు పట్టని బావిలోకి పుస్తకం దిగుతుంది.