ధవళేశ్వరం నీటిమట్టం ఏ టైపు?

ప్రశ్న: ప్రోగ్రామింగ్‌లో ఇంట్, ఫ్లోట్, స్ట్రింగ్ అంటూ ఇన్ని డేటా టైపులు ఎందుకండీ? అన్నీ అంకెలేగా! – డిగ్రీ విద్యార్థిని, కొవ్వూరు

జవాబు: మీ ఊరి గోదావరితోనే చూద్దామమ్మా. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. సి భాషలో ఆ అంకెను ఇంట్‌లో పెడితే 11 మాత్రమే మిగులుతుంది. ముప్పావు అడుగు మాయం! ప్రోగ్రాం ఆగిపోదు కూడా, అసలు చిక్కంతా అక్కడే. ఇలాంటి చోట ఫ్లోట్ వాడాలి.

పైథాన్‌లో ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఏదైనా స్ట్రింగే. దాన్ని ఫ్లోట్‌గా మార్చకుండా మరో స్ట్రింగ్‌తో పోల్చారనుకోండి, 11.75 కంటే 9.50 పెద్దదంటుంది. స్ట్రింగుల్ని మొదటి గుర్తు నుంచి పోల్చుకుంటూ వస్తుంది మరి. 1 కంటే 9 పెద్దదే కదా. వరద లేని రోజున హెచ్చరిక మోగుతుందన్నమాట.

సైజు సంగతీ ఉంది. 16 బిట్ల ఇంట్‌లో 32,767 దాటి పట్టదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 32 బిట్లయితే 214 కోట్ల దాకా ఢోకా లేదు.

అన్నట్టు, రాజమండ్రి ఎస్‌టీడీ కోడ్ 0883ని ఇంట్‌లో పెట్టకండి, ముందున్న సున్నా ఎగిరిపోతుంది. దానితో కూడికలూ తీసివేతలూ చేయం కాబట్టి స్ట్రింగే నయం.