మతి స్థిమితం లేనివాడు చేసిన నేరం - చట్టం ఏమంటుంది?



జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా, మన ఊళ్లల్లో 'వానికి పిచ్చి' అనే మాట తేలిగ్గా అనేస్తాం. కోర్టులో ఆ మాట నిలబడడం చాలా కష్టం.

భారత శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్ 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ అయింది. నంబరు మారింది గాని సారాంశం అదే. మతి చలించి, తాను ఏం చేస్తున్నాడో, లేదా అది తప్పని గాని చట్టవిరుద్ధమని గాని, ఆ సమయంలో తెలుసుకోలేని స్థితిలో ఉన్న మనిషి చేసింది నేరం కాదు.

దీని మూలం ఇంగ్లండులో ఉంది. 1843లో మెక్‌నాటన్ అనే వడ్రంగి పనివాడు, అధికార పార్టీ తనను వెంటాడుతోందన్న భ్రమతో ప్రధాని కార్యదర్శి డ్రమండ్‌ను తుపాకీతో కాల్చి చంపాడు. జ్యూరీ అతన్ని నిర్దోషి అన్నది. విక్టోరియా రాణికి సైతం కోపమొచ్చింది. అప్పుడు ప్రభువుల సభ అడిగిన ప్రశ్నలకు న్యాయమూర్తులు ఇచ్చిన జవాబులే మెక్‌నాటన్ సూత్రాలు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బాణామతి చేసిందని నమ్మి ముసలమ్మను కొట్టి చంపితే ఈ సెక్షన్ కాపాడదు. ఊరంతా నమ్మే మూఢనమ్మకం జబ్బు కాదు. తాగిన మైకం, కోపం కూడా అంతే.

డాక్టరు జబ్బుందని రాసినంత మాత్రాన కూడా సరిపోదు. నేరం జరిగిన ఆ ఘడియలో మనసు ఎలా ఉందన్నదే ప్రశ్న. చూపించాల్సింది ముద్దాయే. అయితే పోలీసులంత గట్టిగా రుజువు చేయనక్కరలేదని, నిజమై ఉండవచ్చని అనిపిస్తే చాలని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో, భార్యను చంపిన మహారాష్ట్ర కానిస్టేబుల్‌ను అదే కోర్టు విడిచిపెట్టింది. అతనికి అంతకుముందే వైద్యం జరిగినట్టు ఆస్పత్రి రికార్డు ఉంది.

మనవాళ్లకు లేనిది ఆ రికార్డే. తాయెత్తులు కట్టించి, దేవర దగ్గర నిద్ర చేయించి ఊరుకుంటే, రేపు జడ్జి ముందు పెట్టడానికి ఒక్క చీటీ ఉండదు. అందుకే ఎర్రగడ్డకో వరంగల్ పెద్దాస్పత్రికో తీసుకుపోయినప్పుడు ఇచ్చిన మందుల చీటీలను పారేయొద్దని ఇంట్లో చెప్పండి. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, జైల్లో ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు.

నిర్దోషి అన్నా, వెంటనే ఇంటికి పంపరు. మెక్‌నాటన్ 1865లో చనిపోయేదాకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. మన దగ్గర బంధువులు దరఖాస్తు పెట్టి, బాగా చూసుకుంటామని పూచీ ఇస్తే కోర్టు అప్పగించవచ్చు. ఎవరూ రాకపోతే అతడు అక్కడే ఉంటాడు.