నీటినుండి ఆక్సైడు పొర

తళతళలాడు అల్యూమినియపు గిన్నెపై కంటికి కానరాని ఆక్సైడు పొర యొకటి తనంత తానే ఏర్పడి యుండును. విద్యుత్తును అడ్డగించు నిట్టి పొరను ట్రాన్సిస్టరులలో కోరిన మందమున పరచవలసి వచ్చును. ఆ మందము కొన్ని పదుల నానోమీటర్లు. నానోమీటరనగా మీటరును నూరు కోట్ల వంతులు చేసిన అందొక వంతు. గాలి తీసివేసిన పెట్టెలలో పొరలు పరచు పద్ధతులు కలవు గాని, ఆ యంత్రములు మిక్కిలి ఖరీదైనవి. లోహపు ఉప్పును నీట కరగించి, పలకపై పూసి, కాల్చిన చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును.

చాలదు. అల్యూమినియము నైట్రేటులో ఒక్కొక్క అల్యూమినియము అయానునకు 3 నైట్రేటులు తోడుండును. కాల్చునపుడు ఇవన్నియు వాయువులై పోవలెను. పెనముమీది దోసెలో ఆవిరి పోయినచోట చిల్లులు పడుట మన మెరిగినదే. దోసెకు అవి అందమే. ఈ పొరకు చిల్లు పడినచో విద్యుత్తు కారిపోవును.

ఇచ్చటనే పరమాణు గుచ్ఛములు అక్కరకు వచ్చును. ఒక అల్యూమినియము నడుమ, 6 దాని చుట్టు, మరి 6 వెలుపల, హైడ్రాక్సైడు వంతెనలతో కూడిన బల్లపరుపు గుచ్ఛ మొకటి కలదు. లెక్క చూడుడు: విడివిడిగా నున్న 13 అయానులకు 39 నైట్రేటులు కావలెను, ఈ గుచ్ఛమునకు 15 చాలును. ఆక్సైడునకు వలయు ముడులు చాలవరకు నీటిలోనే పడియుండుటచే, కాల్చునపుడు పోవలసినది తక్కువ, పొర కుదించుకొనుట తక్కువ. ఈ విద్యలోని కిటుకంతయు ఆ రెండంకెలలోనే కలదని మా అభిప్రాయము.

గుచ్ఛమును కట్టుటయే కష్టము. అందులకు ద్రావణపు ఆమ్లత్వము తగ్గవలెను. క్షారమును చుక్కలుగా వేసినచో, చుక్క పడినచోట తెల్లని జిగురువంటి అవక్షేపము ఏర్పడును. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రపు రసాయనజ్ఞులు 2013లో ప్రకటించిన పద్ధతిలో క్షారమే అక్కరలేదు. విద్యుత్తును పంపి, ఆమ్లములోని ప్రోటానులను హైడ్రోజను వాయువుగా వెడలగొట్టుదురు. ఆమ్లత్వము మెల్లమెల్లగా తగ్గి గుచ్ఛములు కూడును.

పిదప పలకపై ద్రావణమును వేసి, నిమిషమునకు కొన్ని వేల చుట్లు త్రిప్పుదురు. అది సన్నగా పరచుకొనును. వేడి చేయగా మొదట నీరును, తరువాత నైట్రేటులును పోవును, హైడ్రాక్సైడులు ఆక్సైడులగును. వేడి చాలనిచో హైడ్రాక్సైడులు మిగిలి పొర తేమను పీల్చును. త్వరపడినచో పైభాగము ముందే గట్టిపడి లోని ఆవిరి చిక్కుకొనును. నీటితో చేయు పనియే యైనను కొన్ని వందల డిగ్రీల వేడి తప్పదు. గాజు, సిలికాను పలకలు దాని కోర్చును. సాధారణపు ప్లాస్టిక్కు ఓర్వదు. కావున తక్కువ వేడితో పొరను గట్టిపరచు ఉపాయములకై పరిశోధకులు ఇంకను వెదకుచున్నారు.