రైలు పట్టాల మధ్య సందు ఎందుకు?

గూడూరు జంక్షన్ నుంచి ఉత్తరాన విజయవాడకు, దక్షిణాన చెన్నైకి, పడమట రేణిగుంటకు రైలు దారులు ఉన్నాయి. విజయవాడ - మద్రాసు మార్గం పూర్తయింది 1899లో. ఆ దారిన నేటికీ రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి. కాని వెనుకటి 'టకటక' చప్పుడు మాత్రం బాగా తగ్గింది. ఎందుకో తెలుసా?

ఆ చప్పుడు చక్రాలు పట్టాల మధ్య సందును దాటినప్పుడు వచ్చేది. వేడికి ఉక్కు వ్యాకోచిస్తుంది. ఒక మీటరు ఉక్కు ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకి సుమారు 0.012 మిల్లీమీటరు పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున 20 డిగ్రీలున్న పట్టా మే నెల ఎండలో 60 డిగ్రీలకు చేరిందనుకోండి. అప్పుడు 13 మీటర్ల పట్టా పెరుగుదల:

13 × 40 × 0.012 = 6.24 మిల్లీమీటర్లు.

ఇంత చిన్న పెరుగుదలకు చోటు లేకపోయినా పట్టా వంకర తిరగవచ్చు, రైలు పట్టాలు తప్పవచ్చు. అందుకే ఆ సందు.

మరి ఇప్పుడు పట్టాలను వెల్డింగుతో కలిపేస్తున్నారు కదా, సందు ఏదీ? మరీ చల్లగా, మరీ వేడిగా లేని నడిమి ఉష్ణోగ్రతలో పట్టాను స్లీపర్లకు గట్టిగా బిగిస్తారు. స్లీపర్లను కంకర కదలనివ్వదు. సాగడానికి వీలులేని పట్టా లోపల ఒత్తిడి పుడుతుంది. కంకర వదులైతే ఆ ఒత్తిడే పట్టాను పక్కకు నెడుతుంది. కనుకనే మండుటెండలో సిబ్బంది పట్టాల వెంట గస్తీ తిరుగుతారు. మన ప్రయాణం క్షేమంగా సాగడంలో వారి చెమట కూడా ఉంది.

మీకొక లెక్క: అడ్డులేకుండా సాగనిస్తే ఒక కిలోమీటరు పట్టా అదే 40 డిగ్రీలకు ఎంత పెరుగుతుంది?